మందు మాన్పించాలంటే ముందు ఎటు: ఇల్లా, పెద్దాసుపత్రా, సెంటరా, మీటింగా?

మా బావ మంగళగిరిలో మగ్గం నేస్తాడు. ఆయన చేత మందు మాన్పించడానికి పదకొండేళ్లలో మేం పట్టిన దారులు ఏడు. పిల్లాడి తల మీద ఒట్టు, అయ్యప్ప మాల, ఎవరో ఇచ్చిన పసరు, ఆర్‌ఎంపీ ఇంటికొచ్చి పెట్టిన సెలైన్, తాళం వేసి ఉంచే డీ-అడిక్షన్ సెంటరు, ప్రభుత్వ పెద్దాసుపత్రి, చివరికి తాగుడు మానుతున్నవాళ్లంతా కలిసే ఆదివారం మీటింగులు. ఏడింట్లో మొదట వెళ్లాల్సిన చోటికి మేం ఆరోసారి వెళ్లాం. ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే కొంత అప్పు, ఒక రాత్రి భయం మాకు తప్పేవి. ఇంట్లో ఇలాంటి మనిషిని పెట్టుకుని ఎక్కడ చేర్పించాలా అని నలుగురినీ అడుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ మనిషి మీరే అయితే మీ కోసం కూడా. నేను డాక్టర్ని కాను. వార్డు బయట బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నది, ఆ తర్వాత డాక్టర్లను అడిగి సరిచూసుకున్నది మాత్రమే చెబుతాను.

మన భాషలో ఒక తమాషా ఉంది. తాగేదీ మందే, నయం చేసేదీ మందే. "మందు మాన్పించడం" అన్న మాటలోనూ అలాగే రెండు పనులు కలిసిపోయాయి. ఒంట్లోంచి మందు దిగిపోయే రోజుల్లో ప్రాణానికి ముప్పు రాకుండా చూడటం ఒక పని. దిగాక మళ్లీ ముట్టకుండా నిలబడటం ఇంకో పని. మొదటిది వారం పది రోజుల్లో అయిపోతుంది, అందులో డాక్టరు లేకుండా కుదరదు. రెండోదానికి గడువంటూ లేదు, అందులో డాక్టరు పాత్ర కొంతే. సెంటర్లవాళ్లు రెండూ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్ముతారు, మనమూ అలాగే కొంటాం. విడదీసి చూడండి. దీనికో చోటు, దానికో చోటు ఎంచుకోవచ్చని తెలిశాక సగం గందరగోళం పోతుంది.

ఆపితే ఏమవుతుందో ముందు తేల్చుకోండి

ఏ చోటు మంచిదన్న ప్రశ్న కన్నా ముందు ఈ మనిషికి ఆపడం ఎంత ప్రమాదం అన్నది తేలాలి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. మామూలు విస్కీలో ఆల్కహాల్ దాదాపు 43 శాతం ఉంటుంది కాబట్టి ఒక క్వార్టర్‌లో 60 గ్రాముల దాకా స్వచ్ఛమైన ఆల్కహాల్ పోతుంది. డాక్టర్లు 10 గ్రాములను ఒక డ్రింకుగా లెక్కేస్తారు. అంటే మనం "ఒక్క క్వార్టరే కదా" అనేది వాళ్ల లెక్కలో ఆరు.

ఎంత తాగుతాడన్నదానికన్నా ఎప్పుడు తాగుతాడన్నది ఎక్కువ చెబుతుంది. పొద్దున్నే చెయ్యి వణికి, ఒక పెగ్గు పడగానే ఆ వణుకు ఆగుతోందంటే ఒళ్లు మందుకు అలవాటు పడిపోయిందని అర్థం. మా బావ టీ గ్లాసు పట్టుకోలేక సాసర్ బల్ల మీదే పెట్టి, దాని మీదికి వంగి తాగేవాడు. వేడిగా ఉందని అలా తాగుతున్నాడనుకున్నాం. రెండేళ్లు అలాగే అనుకున్నాం.

అలా అలవాటు పడిన ఒంటికి ఒక్కసారిగా మందు ఆపితే ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, ఉన్నచోటు తెలియదు, జ్వరం, బీపీ పెరుగుతాయి. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు.

ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టించి ఇంట్లో పడుకోబెట్టినప్పుడు మేం చూసింది ఇదే. మూడో రాత్రి రెండింటప్పుడు అక్క ఫోన్ చేస్తే వెళ్లాను. బావ మంచం అంచు మీద కూర్చుని నేస్తున్నాడు. మగ్గం లేదు. కుడిచేత్తో లేని తాడు లాగుతున్నాడు, రెండు కాళ్లూ మార్చి మార్చి నేలని తొక్కుతున్నాడు, మధ్యలో ఆగి గాల్లో తెగిన పోగులు ఏరి వేళ్లతో అతుకుతున్నాడు. "నాడె ఎక్కడ పెట్టావే" అని అక్కని కసురుతున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. గాలి సోకిందన్నారు ఇంటి పెద్దలు. తెల్లారాక గుడికి తీసుకెళ్లి తాయెత్తు కట్టించాం. ఆ రాత్రే 108కి ఫోన్ చేసి ఉండాల్సిందని తర్వాత పెద్దాసుపత్రి డాక్టరు చెబితే అక్క మొహం పాలిపోయింది. ఆయన బతికి బయటపడ్డాడంటే అదృష్టమే.

ఇది మా ఒక్క ఇంటి కథ అనుకోవద్దు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టి మద్యం దుకాణాలు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పి వచ్చినవాళ్లు బారులు తీరారు. మానాలన్న ఉద్దేశం వాళ్లకి లేదు. దొరక్క ఆగింది, అంతే. ఒంటికి ఆ తేడా తెలియదు.

తెలంగాణ వైపువాళ్లు ఇంకో సంగతి గమనించాలి. కల్లు కాంపౌండులో తాగేది ఎప్పుడూ చెట్టు కల్లే అయి ఉండదు. డైజీపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు పదార్థాలు కలిపిన కల్తీ కల్లు ఎన్నోసార్లు పట్టుబడింది. ఏళ్ల తరబడి అది తాగినవాళ్లు ఆపితే నిజానికి ఆగేది కల్లొక్కటే కాదు, రోజూ పడుతున్న నిద్రమాత్ర కూడా. దాని ఫిట్స్ ఆలస్యంగా, వారం తర్వాత కూడా రావచ్చు. డాక్టరుతో "కల్లే సార్, మందు ముట్టడు" అని తేలిగ్గా చెప్పకండి. ఎక్కడి కల్లు, రోజుకు ఎన్ని సీసాలు అన్నది చెప్పండి.

ఇంతకుముందు ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా, కామెర్లు గానీ కడుపు ఉబ్బు గానీ ఉన్నా, గుండెజబ్బు, ముదురు షుగర్ ఉన్నా, వయసు అరవై దాటినా ఇంట్లో ప్రయత్నం వద్దు. ఆసుపత్రే. ఇందులో నా అభిప్రాయం ఏమీ లేదు, డాక్టర్లందరూ చెప్పేదే.

ఇంట్లోనే మానడం

పై ఇబ్బందులేవీ లేని మనిషికి ఇల్లు మంచి చోటే. పని పోదు, నలుగురికీ తెలియదు, ఖర్చు ఓపీ చీటీ, మాత్రలు. అయితే "ఇంట్లో" అంటే "డాక్టరు లేకుండా" అని అర్థం చేసుకుంటేనే కొంప మునుగుతుంది. ముందు సైకియాట్రిస్టుకి చూపించాలి. ఆయన సాధారణంగా క్లోర్‌డయజెపాక్సైడ్ గానీ డైజీపామ్ గానీ రాస్తారు. లివర్ దెబ్బతిని ఉంటే లోరాజెపామ్ వైపు వెళతారు. రోజురోజుకూ మోతాదు తగ్గిస్తూ వారం పది రోజుల్లో పూర్తిగా ఆపేస్తారు. ఆ మాత్రలు ఇంట్లో తాగని మనిషి చేతిలో ఉండాలి. ఏ పూటది ఆ పూట ఇవ్వాలి. ఎందుకంటే ఆ మాత్రలకూ అలవాటు పడతారు, పైగా వాటి మీద మందు తాగితే ఊపిరికే ముప్పు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సరుకు కాదది.

పగలూ రాత్రీ పక్కన ఒకరుండాలి. గంటలోపు చేరగలిగే ఆసుపత్రి ఉండాలి. ఈ రెండూ లేని ఇంటికి ఈ దారి పనికిరాదు. బావ విషయంలో అక్క ఒక్కతే, ఇద్దరు చిన్నపిల్లలు. కాబట్టి ఆ రోజు మేం ఎంచుకున్నది మొదట్నుంచీ తప్పే.

ఆర్‌ఎంపీ సెలైన్ గురించి ఒక మాట. నీరసంగా ఉన్నాడని గ్లూకోజు బాటిల్ ఎక్కించడం మన ఊళ్లలో మామూలు. ఏళ్లుగా తాగి, తిండి సరిగా తినని ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్త కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు చెదరడం, నడక తూలడం, తికమక పడటం దాని గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాదు. అందుకే ఆసుపత్రిలో థయమిన్, అంటే ఆ బీ1 ఇంజెక్షన్ ముందు పడుతుంది, గ్లూకోజు తర్వాత. మీ ఇంటికొచ్చిన మనిషికి ఈ వరుస తెలియకపోతే సూది పట్టనివ్వకండి.

పెద్దాసుపత్రి

ప్రభుత్వ బోధనాసుపత్రులన్నింట్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. అది కాక హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ఈ మాట వినగానే ఇంట్లో గొడవ మొదలవుతుంది. "ఎర్రగడ్డకి పంపాలి" అని ఎగతాళి చేయడం మనకి అలవాటైపోయింది కదా, ఇప్పుడు సొంత మనిషిని అక్కడికి ఎలా తీసుకెళ్తాం? మా అత్తగారైతే "నా కొడుకు తాగుబోతే గానీ పిచ్చోడు కాదు" అని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఈ సిగ్గు ఎంత ఖరీదో చెప్పే లెక్క ఒకటుంది. ఎయిమ్స్ వాళ్లు దేశమంతా చేసి 2019లో ఇచ్చిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకున్నది 180 మందిలో ఒకరు.

ఆపే వారం పది రోజుల పనికి నా ఓటు బోధనాసుపత్రికే. అక్కడ ఫిట్స్ వస్తే చూసేవాళ్లు, లివర్ చూసేవాళ్లు, అవసరమైతే ఐసీయూ అన్నీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. బావకి అక్కడే రక్తపరీక్షలు చేసి, లివర్ ఎలా ఉందో చూసుకుని ఆ తర్వాతే మాత్ర ఎంచారు. మాకు ఖర్చయింది నా భోజనాలకి, బస్సు చార్జీలకి.

లోపాలూ ఉన్నాయి. జనం ఎక్కువ. పక్కన అటెండర్‌గా ఇంటి మనిషి ఒకరు ఉండాల్సిందే. పరుపు, బాత్రూము గురించి మాట్లాడుకోకపోవడం మేలు. కౌన్సెలింగ్‌కి దొరికేది పావుగంటే. వారం పది రోజులకి డిశ్చార్జ్ చేసి మాత్రలిచ్చి పంపేస్తారు. అప్పటికి మొదటి పని చక్కగా పూర్తయి ఉంటుంది, రెండోది మొదలై కూడా ఉండదు. ఇది తెలియక "పెద్దాసుపత్రికి తీసుకెళ్లినా మానలేదండీ" అనేవాళ్లను చాలామందిని చూశాను.

ప్రైవేటు ఆసుపత్రిలో సైకియాట్రిస్టు దగ్గర చేర్చినా దొరికే మాత్రలు అవే. గది, ఏసీ, మీ ప్రశ్నకి ఓపిగ్గా జవాబు అదనం. డబ్బుంటే తప్పేం లేదు. ఇన్సూరెన్స్ ఉందని మాత్రం ధీమాగా వెళ్లకండి. తాగుడు, మాదకద్రవ్యాల వ్యసనానికి చేసే చికిత్సని చాలా పాలసీలు మినహాయింపుల్లోనే పెట్టాయి. చేరకముందే కాగితం చదవండి.

సెంటర్లు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎక్కువ డబ్బు పోయేదీ, ఎక్కువ మోసం జరిగేదీ ఇక్కడే. నిజంగా నిలబడ్డ మనుషుల్ని తయారుచేసే మంచి సెంటర్లు ఉన్నాయి కూడా.

మేం వెళ్లిన సెంటరు పేరు చెప్పను. ఫోన్ చేసిన రోజు రాత్రే వ్యాన్ వచ్చింది. నలుగురు దిగారు. బావ అన్నం తింటున్నాడు. ఎంగిలి చేత్తోనే రెక్కలు పట్టుకుని ఎక్కించారు. నెలకి 15 వేలు, మూడు నెలలది ముందే కట్టాలన్నారు, కట్టాం. నలభై రోజులు ఫోన్ ఇవ్వలేదు, "ట్రీట్‌మెంట్ పాడవుతుంది" అన్నారు. చూడటానికి వెళ్తే గుండు కొట్టించి ఉంది. డాక్టరు ఎవరని అడిగితే "వారానికోసారి వస్తారు" అన్నారు, పేరు చెప్పలేదు. మూడు నెలలూ తాగలేదు, నిజమే. తాళం వేస్తే ఎవరూ తాగరు. బయటికొచ్చిన పదకొండో రోజు తాగాడు. ఆ రోజు మందు కన్నా అక్క మీద కోపమే ఎక్కువ తాగించింది ఆయన్ని. "నన్ను పట్టించావు" అన్న మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది.

తర్వాత తెలిసింది, వాళ్లు చేసిన వాటిలో చాలావరకు చట్టం ఒప్పుకోదని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా తన పరిధిలోకి తీసుకుంది. ఇలాంటివాళ్లని చేర్చుకునే చోటు రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. మనిషి తానుగా ఒప్పుకుని చేరడం మామూలు పద్ధతి. ఒప్పుకునే స్థితిలో లేనప్పుడు కుటుంబం తరఫున ప్రతినిధి కోరితే, సైకియాట్రిస్టుతో పాటు మరొకరు కూడా విడిగా పరీక్షించి అవసరమని తేలిస్తేనే చేర్చుకోవాలి, అదీ ముందు 30 రోజుల వరకే. గొలుసులతో కట్టడం నిషేధం. బలవంతంగా గుండు కొట్టించకూడదు. ఇంటివాళ్లతో మాట్లాడే హక్కు, ఫోన్ చేసుకునే హక్కు ఉంది. వ్యాన్ పంపి మనిషిని ఎత్తుకెళ్లడం సేవ కింద ఎక్కడా లేదు.

కాబట్టి సెంటరుకి ఫోన్ చేసినప్పుడు రేటు చివర అడగండి. ముందు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. డాక్టరు పేరు, రోజూ ఉంటారా, రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అని అడగండి. చెప్పకుండా వెళ్లి లోపల చూస్తామంటే ఏమంటారో వినండి. వంటగది, మరుగుదొడ్డి చూస్తే మిగతాది తెలిసిపోతుంది. "గ్యారంటీ" అన్న మాట వినబడితే ఫోన్ పెట్టేయండి. నిజాయితీగా ఈ పని చేసే ఎవరి నోటా ఆ మాట రాదు. ఇంకొకటి, ఇంటివాళ్లకి విడిగా తరగతులు పెడతారా? పెట్టని చోట మనిషిని బాగుచేసి అదే ఇంటికి, అదే తగాదాకి, అదే అనుమానానికి పంపిస్తారు.

డబ్బు లేనివాళ్లకి ఒక దారి ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే వ్యసన విముక్తి, పునరావాస కేంద్రాలు జిల్లాల్లో ఉన్నాయి. చికిత్స ఉచితం. మీకు దగ్గర్లో ఏది ఉందో 14446 నంబరుకి ఫోన్ చేస్తే చెబుతారు. పడకలు తక్కువ, వరుసలో ఉండాల్సి రావచ్చు. సరిహద్దు జిల్లాలవాళ్లకి పక్క రాష్ట్రాలూ దూరం కాదు. హిందూపురం నుంచి బెంగళూరులోని మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌కి వెళ్లొచ్చు, అక్కడ వ్యసనాలకి విడిగా విభాగమే ఉంది. నెల్లూరు, చిత్తూరు వాళ్లకి చెన్నై దగ్గర. అక్కడ శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన టీటీకే ఆసుపత్రి ఈ పనిలో దేశంలోనే పాతకాపుల్లో ఒకటి.

సెంటరు ఎవరికి? ఇంటి చుట్టూ తాగే సావాసమే ఉండి నెల రోజులు దూరంగా ఉంటే తప్ప ఊపిరాడనివాళ్లకి. రెండు మూడుసార్లు ఆసుపత్రిలో మాని మళ్లీ పడ్డవాళ్లకి. తానుగా "వెళ్తాను" అన్నవాళ్లకి. మొదటిసారి మానుతున్న మనిషిని తిన్నగా మూడు నెలల సెంటరులో పడేయడం నాకు నచ్చదు.

ఒట్టు, మాల, పసరు, కూరలో మాత్ర

వీటిని ఎగతాళి చేయను. అన్నీ చేసినవాళ్లమే. మాలకి నిజంగా బలముంది. నలభై ఒక్క రోజులు స్వామీ అని పిలిపించుకునే మనిషి బార్ మెట్లెక్కడు. అనంతపురం వైపు పాండురంగడి మాల వేసుకుని తాగుడు మానేసినవాళ్లు ఉన్నారు. చిక్కల్లా రెండు చోట్ల. రోజూ ఫుల్లు తాగే మనిషి కార్తీకం మొదటి రోజు ఒక్కసారిగా ఆపి చన్నీళ్ల స్నానం చేస్తే, పైన చెప్పిన ఫిట్స్ ఏ స్వామి మెడలో మాల ఉందో చూసి ఆగవు. ముందు డాక్టరు, ఒళ్లు కుదుటపడ్డాక మాల. రెండోది, ఇరుముడి దించి వచ్చిన రాత్రి. ఆ రాత్రికి, ఆ మర్నాటికి ఏం చేయాలో ముందే అనుకోకపోతే మాల తీసిన చేతిలోకి గ్లాసు వస్తుంది.

పసరులో ఏముందో ఇచ్చినవాడికే తెలుసు. లివర్ అప్పటికే దెబ్బతిన్న మనిషికి అది ఇవ్వడం జూదం.

కూరలో కలిపే మాత్ర సంగతి గట్టిగా చెప్పాలి. "ఆయనకి తెలియకుండా కలపండి, తాగితే వాంతులై తానే మానేస్తాడు" అని షాపుల్లో అమ్మేదాంట్లో తరచూ ఉండేది డైసల్ఫిరామ్. మంచి మందే, డెబ్బై ఏళ్లకు పైగా వాడుతున్నారు. కాకపోతే వేసుకునే మనిషికి తెలిసి, ఒప్పుకుని, గుండె, లివర్ పరీక్షించాక వేయాల్సింది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. తెలియని మనిషి ఎలా జాగ్రత్తపడతాడు? దయచేసి ఈ పని చేయకండి, ఎంత విసిగిపోయినా.

డాక్టరు చూసి ఇచ్చే మందులు వేరే ఉన్నాయి. తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ ఒకటి. రోజుకు ఆరు బిళ్లల దాకా మింగించే అకాంప్రోసేట్ ఇంకొకటి. ఏది ఎవరికన్నది లివర్, కిడ్నీ చూసి ఆయన తేలుస్తారు. మానాక కూడా మాత్రలేంటని చాలామంది మధ్యలో ఆపేస్తారు. బావ కూడా ఆపాడు, ఆ సంగతి కింద చెబుతాను.

మీటింగులు

ఆల్కహాలిక్స్ అనానిమస్. పేరు నోరు తిరగదు కాబట్టి అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు నిలబెట్టుకోవడంతో మొదలైంది, 1957లో బొంబాయి మీదుగా మన దేశానికి వచ్చింది. ఫీజు లేదు, రిజిస్టరు లేదు, ఇంటి పేరు చెప్పక్కర్లేదు. స్కూలు గదిలోనో చర్చి వెనక హాల్లోనో పాతికమంది కూర్చుంటారు. ఒక్కొక్కరు లేచి తన సంగతి చెబుతారు. ఎవరూ మధ్యలో అడ్డుపడరు, సలహా ఇవ్వరు. తెలుగులో జరిగే మీటింగులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. దూరదేశాల్లో ఉన్నవాళ్లకి ఆన్‌లైన్లో కూడా దొరుకుతాయి.

మొదటిసారి నేను తోడు వెళ్లాను. ముందు బెంచీలో ఒక పెద్దాయన, రిటైరైన టీచరట, "ఈ రోజు తాగలేదు, రేపటి సంగతి నాకు తెలియదు" అని కూర్చున్నాడు. బయటికొచ్చాక బావ అన్నాడు, "పదకొండేళ్లలో నాకు నీతులు చెప్పకుండా మాట్లాడింది ఈయనొక్కడే రా." నాకు కాస్త గుచ్చుకుంది. నిజమే కాబట్టి ఊరుకున్నాను.

మీటింగుకి ఫిట్స్ ఆపే శక్తి లేదు. వణుకుతున్న మనిషిని అక్కడికి తీసుకెళ్లి ప్రయోజనం లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి వారం నుంచి మొదలుపెడితే రెండో పనికి అంత చవకైన తోడు ఇంకోటి లేదు. దేవుడి ప్రస్తావన ఉంటుంది, అది కొందరికి రుచించదు. నలుగురిలో నోరు విప్పలేనివాళ్లు ఉంటారు. అలాంటివాళ్లకి కౌన్సెలర్ దగ్గర విడిగా కూర్చోవడం నయం. ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. అక్క వెళ్లడం మొదలుపెట్టాకే సీసాలు వెతికి పగలగొట్టడం మానేసింది. తాగి వచ్చిన రాత్రి గొడవ పెట్టుకోవడమూ మానేసింది, ఏదున్నా పొద్దున్నే మాట్లాడటం నేర్చుకుంది.

మందు కాక ఇంకేదైనా అయితే

గంజాయి ఆపితే నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి ఉండదు. ప్రాణభయం మటుకు ఉండదు కాబట్టి ఓపీలో చూపించుకుంటూ ఇంట్లోనే మానొచ్చు. కుర్రాడు తనలో తాను మాట్లాడుకుంటున్నా, అందరూ తనని వెంటాడుతున్నారంటున్నా ఆగకుండా సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాలి. నొప్పి మాత్రలు, హెరాయిన్ లాంటివి ఆపినప్పుడు ఒళ్లు నరకం చూస్తుంది గానీ సాధారణంగా ప్రాణం పోదు. ముప్పు ఆ తర్వాత ఉంది. మాని నెల రోజులై, పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ఒళ్లు తట్టుకోలేదు. అందుకే వాళ్లకి ఒట్టి డీటాక్స్ (ఒంట్లోంచి మత్తు దించడం) చేసి పంపడం కన్నా బుప్రెనార్ఫిన్ లాంటి మందు మీద ఎక్కువకాలం ఉంచడం మేలంటారు.

పోలీసులకి తెలుస్తుందేమోనని పిల్లల్ని దాచేవాళ్లు చాలామంది. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది. వాడకం కేసులోనో కొద్దిపాటి మోతాదు కేసులోనో ఇరుక్కున్నవాళ్లు తామే ముందుకొచ్చి గుర్తింపు పొందిన చోట చికిత్స పూర్తిచేస్తే, మాదకద్రవ్యాలపై 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ విచారణ నుంచి మినహాయింపు ఇస్తుంది. కేసు ఉంటే వకీలుని ఈ సెక్షన్ గురించి అడగండి.

మళ్లీ పడితే

బావ పెద్దాసుపత్రి నుంచి వచ్చాక ఏడు నెలలు ముట్టలేదు. బాగున్నాను కదా అని దసరాకి మాత్రలు ఆపాడు. సంక్రాంతికి తోడల్లుడు వచ్చాడు, కనుమ రోజు కోడి కూర, "ఒక్కటే బావా" అన్నాడు. రెండు రోజులు తాగాడు. ఇదివరకైతే ఆర్నెల్లు సాగేది. మూడో రోజు పొద్దున్నే తనే చొక్కా వేసుకుని "ఓపీకి వెళ్దాం పద" అన్నాడు. డాక్టరు తిట్టలేదు. మాత్రలు ఎప్పుడు ఆపావని అడిగి, మళ్లీ రాసిచ్చారు. ఈసారి వార్డు అవసరం పడలేదు.

ఈ ఏడు దారుల్లో ఇప్పుడు నన్ను ఎంచమంటే, మొదటి వారానికి బోధనాసుపత్రి, ఆ తర్వాత ఏడాది పాటు నెలకోసారి అదే ఓపీ, ఆదివారం మీటింగు. రెండుసార్లు ఇలా చేసినా నిలబడకపోతే అప్పుడు రిజిస్టరైన సెంటరు, అదీ మనిషి ఒప్పుకుంటేనే. ఎటూ తేల్చుకోలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అని 2022 నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రాత్రయినా ఎత్తుతారు.

ఓపీకి వెళ్లే రోజు పరగడుపున బయల్దేరకండి, వరుస పొడుగు. వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకోండి, షుగర్ మాత్రలతో సహా. చివరి పెగ్గు ఎన్నింటికి పడిందో చీటీ మీద రాసుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే. నిజం తెలిసిన మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి.

మమ్మల్ని లోపలికి పిలిచినప్పుడు డాక్టరు తలెత్తకుండానే "రోజుకు ఎంత?" అన్నాడు. బావ చేతులు కట్టుకుని "ఒక్క క్వార్టర్ సార్" అన్నాడు. ఆయన వెనక నిలబడ్డ అక్క ఏమీ మాట్లాడకుండా మూడు వేళ్లు చూపించింది. డాక్టరు బావ మొహంలోకి చూసి తలూపి, చీటీ మీద మూడు అని వేసుకున్నాడు.